శనివారం రాత్రి నానబోసిన పప్పు

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 42 ఏళ్లు, బ్యాంకులో చేస్తాను. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడు. రెండేళ్ల కిందట నాన్న పోయాక అమ్మను తెనాలి దగ్గర మా ఊరి నుంచి తీసుకొచ్చి మా దగ్గరే ఉంచుకున్నాం. ఆదివారం వస్తే చాలు, ఇంట్లో గొడవ. నా భార్యకీ పిల్లలకీ బయటికెళ్లి తినాలని ఉంటుంది. అమ్మ బయట తిండి ముట్టదు. పోనీ తన మటుకు కాస్త వండుకుని ఊరుకుంటుందా అంటే, మేం వెళ్తున్నామని తెలిసినా ఇంటిల్లిపాదికీ గారెలు, కోడికూర చేసేస్తుంది. ఏప్రిల్ రెండో ఆదివారం మేం తినేసి మూడున్నరకి వచ్చేసరికి అన్నీ బల్ల మీద మూతలు పెట్టి, తను తినకుండా కూర్చుంది. ఆ కూరని ఫ్రిజ్‌లో పెట్టి మంగళవారం నా భార్య పారబోసింది. అమ్మ చూసింది. మూడు వారాలుగా ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ రెండు పూటలా పెరుగన్నం తిని పడుకుంటోంది. నెలకి పదివేలు హోటళ్లకే పోస్తున్నామని అమ్మ అంటుంది, అదీ నిజమే. ‘మీ అమ్మ వంట చేస్తే ఇక నాకు సెలవేమిటి’ అని నా భార్య అంటుంది, అదేంటో నాకు అర్థం కాదు. వండేది అమ్మే కదా! ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. అమ్మకి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: ‘అదేంటో నాకు అర్థం కాదు’ అన్నారు చూడండి, అక్కడి నుంచే మొదలుపెడదాం. మీ ఆవిడ మాట మీకు అర్థమైతే సగం గొడవ తీరుతుంది.

మీరు రాయలేదు గానీ ఆదివారం మీ వంటింట్లో ఏం జరుగుతుందో నాకు తెలిసినట్టే ఉంది. తప్పయితే దిద్దండి. అమ్మ పొయ్యి దగ్గర నిలబడుతుంది. ఉల్లిపాయలు తరిగేది ఎవరు? వెల్లుల్లి ఒలిచేది, మసాలా నూరేది, మీరు తెచ్చిన చికెన్ కడిగేది, ‘అమ్మాయ్, ఆ గరిటె ఇటివ్వు’ అంటే అందించేది ఎవరు? గారెలు వేసిన మూకుడు తోమేది, గట్టు మీద చిందిన నూనె తుడిచేది ఎవరు? పనిమనిషి ఆదివారం రాకపోతే ఆ గిన్నెల గుట్ట ఎవరిది? అత్తగారు వండుతుంటే కోడలు హాల్లో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకునే ఇల్లు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, వెళ్లి దండం పెట్టుకుని వస్తాను. వేడి వేడి గారెలు మీకూ పిల్లలకూ వాయి వాయికీ వస్తాయి. ఆవిడ తినేసరికి రెండున్నర అవుతుంది, గారె చల్లారిపోయి ఉంటుంది.

అదే హోటల్లో అయితే? నలుగురూ ఒకేసారి కూర్చుంటారు. ఎవరో వచ్చి ‘ఇంకేం కావాలి మేడం’ అని ఆవిడని అడుగుతారు. వారంలో ఆవిడని ఆ మాట అడిగే మనిషి ఆ సర్వర్ ఒక్కడే అయి ఉండొచ్చు. బిర్యానీ మీద మోజుతో వెళ్తోందని మీరు అనుకుంటున్నారు. నాకేమో, తను లేచి వడ్డించక్కర్లేని ఒక్క పూట కోసం వెళ్తోందనిపిస్తోంది.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదులెండి. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు ఆ పని మీద పెడుతున్నారని తేలింది. అసలు ఆ రోజు ఇంటి పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లు నూటికి పాతికమందే. స్కూల్లో పిల్లలతో అరిచి వచ్చిన మనిషికి ఈ ఐదు గంటలు అదనం. అందులోనూ ‘రేపేం వండాలి’ అనే ఆలోచన ఏ సర్వే లెక్కకీ అందదు.

ఇక అమ్మ సంగతి. వారంలో ఆరు రోజులు మీ వంటిల్లు మీ ఆవిడది. పొద్దున్నే లేచి క్యారేజీలు సర్దే ఇంట్లో ఇంకో మనిషి అడ్డం తిరిగితే బస్సు తప్పిపోతుంది. అందుకే ‘అత్తయ్యా, మీరు కూర్చోండి, నేను చేసేస్తాగా’ అని ఉంటుంది. మంచి మాటే. కానీ యాభై ఏళ్లు పొయ్యి దగ్గర ఏలిన మనిషికి, కోతల రోజుల్లో పొలానికి పాతికమందికి అన్నం పంపిన మనిషికి ‘మీరు కూర్చోండి’ అనే మాట ఎలా వినబడుతుందో ఆలోచించారా? ఊళ్లో ఇల్లు తాళం, పెరడు పోయింది, మనిషి పోయాడు. ఈ ఫ్లాటులో ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా అడిగి తెలుసుకోవాలి. ఆవిడకంటూ మిగిలింది ఆదివారం ఒక్కటే. అన్నట్టు, గారెలు మీ నాన్నగారికి ఇష్టమా? ఒకసారి గుర్తు చేసుకోండి.

అదండీ మీ ఇంటి చిక్కు. ఒకే ఆదివారం నాడు ఒకావిడ వంటింట్లోకి అడుగు పెట్టాలనుకుంటోంది, ఇంకో ఆవిడ వంటింట్లోంచి బయటపడాలనుకుంటోంది. ఇందులో తప్పు ఎవరిదీ లేదు. మీరు మాత్రం ఇన్ని సంగతులు రాసి, వాటిలో మీరేం చేస్తారో ఒక్క ముక్క రాయలేదు. ‘నలిగిపోతున్నాను’ అన్నారు. నలగాలంటే మధ్యలో ఉండాలి. నాకు మీరు బాల్కనీలో నిలబడి ఉన్నట్టు కనబడుతున్నారు. ఏమీ అనుకోకండి.

ముందు ఆ కూర సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది ఇప్పుడు కూర కాదు, కేసు అయింది. మధ్యాహ్నం లోపే వండిన కోడికూర విజయవాడ ఏప్రిల్ ఎండలో మూడున్నర దాకా బల్ల మీద ఉంది. వండిన మాంసం మామూలు రోజుల్లో రెండు గంటలకి మించి, మండే ఎండల్లో గంటకి మించి బయట ఉండకూడదు. ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టినా, మళ్లీ మరగబెట్టినా కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం పోదు. మంగళవారం దాన్ని పిల్లలకి పెట్టకపోవడమే మంచిదైంది. మీ ఆవిడ అహంకారంతో పారబోయలేదు. అలాగని అమ్మ బాధ కూడా అబద్ధం కాదు. రుబ్బి, తరిగి, మీ కోసం తినకుండా కూర్చుని, చివరికి అది చెత్తబుట్టలో కనబడింది. ఈ రెండు సంగతులూ ఆ ఇద్దరికీ చెప్పాల్సింది మీరు, విడివిడిగా. అమ్మ దగ్గర ‘ఎండకి పాడైపోయిందమ్మా, నేనే పొద్దున చెప్పి ఉండాల్సింది, తప్పు నాది’ అనండి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ కుదర్చాలని చూడకండి. ఆ పంచాయతీల్లో పాత బాకీలన్నీ బయటికొస్తాయి, కూర ఎక్కడో కింద ఉండిపోతుంది.

‘నేనే చెప్పి ఉండాల్సింది’ అని ఊరికే అనమనలేదు. మీరు బయటికెళ్తున్నారని అమ్మకి ఎప్పుడు తెలుస్తుంది? నా అనుమానం, ఆదివారం పదింటికి, పిల్లలు చెప్పులేసుకుంటుంటే. శనివారం రాత్రే మినప్పప్పు నానబోసేసిన మనిషికి అప్పుడు చెబితే ఏం చేస్తుంది? పప్పు పారబోస్తుందా? రుబ్బుతుంది. రుబ్బాక వేస్తుంది. వేశాక కూర లేకుండా గారెలేమిటని కూరా చేస్తుంది. మీకది మొండితనంలా కనబడుతోంది.

కాబట్టి శనివారం సాయంత్రం, పప్పు డబ్బా మూత తీయక ముందే, రేపు ఇంట్లోనా బయటా అన్నది తేలిపోవాలి. తేల్చి అమ్మకి చెప్పే పని మీది. మీ ఆవిడ చెబితే అది కోడలి తీర్పు అవుతుంది.

నెలలో రెండు ఆదివారాలు బయట, రెండు ఇంట్లో అనుకోండి. డబ్బు మాట అమ్మ తప్పేమీ అనలేదు. పూటకి రెండున్నర వేలు లెక్కన రెండు తగ్గితే నెలకి ఐదు వేలు మిగులుతాయి. పైగా హోటల్ వంటలో ఉప్పూ నూనే చెయ్యి జారే ఉంటాయి. మనిషికి రోజంతటికీ ఐదు గ్రాముల ఉప్పు, అంటే ఒక టీ చెంచా, మించకూడదంటారు. మన పచ్చళ్ల ఇళ్లలో అది మధ్యాహ్నానికే దాటిపోతుందనుకోండి, అది వేరే ఉత్తరం.

ఇంట్లో ఉండే ఆ రెండు ఆదివారాలూ మీ ఆవిడ వంటింటి గడప తొక్కకూడదు. అమ్మకి సాయం మీరు. ఉల్లిపాయలు మీరు తరగండి, మూకుడు మీరు తోమండి. మొదటి వాయి గారెలు ఆ ఇద్దరికీ పెట్టి, మీరు ఆఖర్న తినండి. ఒక హెచ్చరిక: అమ్మ ఒప్పుకోదు. ‘మగాడివి, నీకెందుకురా ఈ పని, అది ఏం చేస్తోంది’ అంటుంది. ఆ మాటకి మీరు నవ్వేసి చాకు కింద పెట్టేశారంటే అంతా మొదటికొస్తుంది, పైగా ఆ నింద మీ ఆవిడ నెత్తిన పడుతుంది. ‘నాకు నీ దగ్గర నేర్చుకోవాలనుందమ్మా’ అనండి. అబద్ధమైతే నిజం చేసుకోండి. ఎనిమిదో తరగతి పాపని మాత్రం ‘నాన్నమ్మ దగ్గర వంట నేర్చుకో’ అని మీ బదులు తోసేయకండి.

ఆదివారం ఒక్కటే అమ్మకి సరిపోదు. వారంలో రెండు రాత్రులు, మంగళ శుక్రవారాలో మీ వీలునుబట్టి ఏవో రెండు, వంటిల్లు పూర్తిగా ఆవిడకి అప్పగించండి. ఏం వండాలో ఆవిడ ఇష్టం. దోసకాయ పప్పు, బీరకాయ తొక్కు పచ్చడి, మజ్జిగ పులుసు, ఏదైనా సరే. ఆ రోజు పిల్లలు ‘ఇదేనా’ అంటే అక్కడే మందలించండి. మీ ఆవిడకి ముందే చెప్పండి, డబ్బాలు అటూ ఇటూ మారతాయని. మారనివ్వాలి.

ఇక ‘అమ్మ బయట తిండి ముట్టదు’ అన్నది. ఎందుకో అడిగారా? మన పెద్దవాళ్లు మొదటి పిలుపుకి లేవరు. గుమ్మంలో నిలబడి ‘నువ్వూ రాకూడదూ’ అంటే ‘మీరు వెళ్లిరండ్రా’ అనే వస్తుంది జవాబు. బయట తినడం మన జాతికేం కొత్త కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లులో ఒక రూక ఇస్తే పూటకూళ్లింట్లో రకరకాల వంటకాలతో భోజనం పెట్టేవారని పాత కావ్యంలోనే ఉంది. అయితే అమ్మ తరంలో హోటలు కూడు అంటే ఇంట్లో ఆడదిక్కు లేనివాళ్లు తినేది. ఇల్లాలు ఉండగా హోటల్‌కి వెళ్లారంటే ఆ ఇల్లాలికి మాట వచ్చినట్టే. ఇది ఒక కారణం కావచ్చు. పళ్లు సరిగా లేకపోవడం కావచ్చు. మోకాళ్లు నొప్పి, అక్కడ బాత్రూం ఎలా ఉంటుందో అన్న బెంగ కావచ్చు. ఆ బెంగతో పెళ్లిళ్లకే వెళ్లడం మానేసిన పెద్దవాళ్లు నాకు తెలుసు, కొడుకులకి చెప్పరు. ‘ఆయన పోయాక నలుగురిలో కూర్చుని తినడమేమిటి’ అని కూడా అనుకుంటూ ఉండొచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు, సాయంత్రం టీ తాగుతూ అడగండి.

అడిగాక, ఏసీ రెస్టారెంట్‌కి కాకుండా ముందు టిఫిన్‌కి తీసుకెళ్లండి. సెలవు రోజు పొద్దున్నే, రద్దీ లేని వేళ, మీరిద్దరే. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఉంది కదా, వెన్న వేసిన ఇడ్లీ మెత్తగా ఉంటుంది, పళ్లతో పనిలేదు. ‘నా ఇడ్లీ ఇంతకంటే మెత్తగా ఉంటుంది’ అని ఆవిడ అంటే ఒప్పుకోండి. బయటికి వెళ్లొచ్చాక ఆవిడకో పార్సిల్ తెచ్చి బల్ల మీద పడేయడం మాత్రం మానండి. తెస్తే ఏం కావాలో వెళ్లేముందే అడిగి తెండి.

మూడు వారాలుగా పెరుగన్నమేనన్నారు. అది అలక అయితే మీ మాటలతో కరుగుతుంది. కానీ బరువు తగ్గినా, నిద్ర పట్టకపోయినా, ఏ పనిమీదా ధ్యాస లేకపోయినా, అది కూర మీద కోపం కాకపోవచ్చు. మనిషి పోయిన బెంగ రెండేళ్లకైనా బయటపడుతుంది. డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా ఒక చిన్న వంటింటి సంగతి, ఇది అమ్మ దగ్గర అనకండి. గారెలకి పప్పు రాత్రంతా నానక్కర్లేదు, మూడు నాలుగు గంటలు చాలు, ఎక్కువ నానితే నూనె పీలుస్తాయి. అమ్మకి ఇది మనకంటే బాగా తెలుసు. తెలిసీ శనివారం రాత్రే నానబోస్తోంది.