కుదుపు రాకముందే బెల్ట్ సైన్ వెయ్యి, తల్లీ

నంగనల్లూరు, చెన్నై

చి. సిరికి,

మామయ్య ఆశీస్సులు. వచ్చే సోమవారం నుంచి బెంగళూరులో నీకు లైన్ ట్రైనింగ్, అంటే ప్రయాణికులున్న విమానంలో కెప్టెన్ పక్కన కూర్చుని నేర్చుకోవడం అని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. సంతోషంగా చెప్తూనే గొంతు తగ్గించి, "అన్నయ్యా, దానికి ఆ కుదుపులంటే భయం ఇంకా పోలేదు, నువ్వే ఏదైనా చెప్పు" అంది. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతాను. అందుకని రాస్తున్నాను.

ముందు విమానం సంగతి. కుదుపులకు రెక్క విరుగుతుందేమో అన్న భయం మనసులో ఏ మూలనున్నా తీసెయ్యి. నువ్వు నడపబోయే ఎయిర్‌బస్ 320 లాంటి విమానం రెక్కల మీద మామూలుకన్నా రెండున్నర రెట్లు భారం పడినా అవి వంగినవి వంగినట్టే ఉండిపోకూడదు. దాని మీద ఇంకో సగం వేసినా విరగకూడదు. ఆ నియమం ప్రకారమే కడతారు. రోజూ మనకు తగిలే కుదుపులు ఆ దరిదాపులకు కూడా రావు. దెబ్బ తగిలేది లోపల బెల్ట్ లేకుండా ఉన్నవాళ్లకి.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. 2003 అక్టోబర్, హైదరాబాద్ నుంచి చెన్నైకి విమానం నడుపుతూ వస్తున్నాం. సాయంత్రం. నెల్లూరు దాటి దిగుతున్నాం. విమానం వాతావరణ రాడార్‌లో మా దారి మీద అక్కడక్కడ పచ్చ చుక్కలు, అంటే పల్చటి వాన, తప్ప ఏమీ లేవు. కిటికీలోంచి చూస్తే మాత్రం ఎదురుగా ఒక మేఘం, కాలీఫ్లవర్ లాగా అంచులు తీర్చినట్టుగా, చూస్తుండగానే పైకి పొంగుతోంది. చూశాను. వెనక క్రూ ఇంకా ట్రేలు తీస్తున్నారు కదా, రెండు నిమిషాలాగి సైన్ వేద్దాంలే అనుకున్నాను. ఆ రెండు నిమిషాల్లోనే దాని అంచు తగిలింది. వెనక గ్యాలీలో ఒక అమ్మాయి ట్రాలీ బ్రేకు పాదంతో నొక్కుతోందట. ట్రాలీ, ఆ అమ్మాయి కలిసే లేచారు. ట్రాలీ వచ్చి ఆమె చీలమండ మీద పడింది. రెండు చోట్ల విరిగింది. మీనంబాకం ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్‌లో దింపుతుంటే నన్ను చూసి ఆ అమ్మాయి "సారీ సర్" అంది. తప్పు నాది, సారీ ఆమె చెప్పింది. ఆ తరవాత అలాంటి మేఘం చూశాక సైన్ వెయ్యడానికి నేను ఒక్కసారి కూడా ఆగలేదు.

రాడార్ ఎందుకు చూపించలేదంటావా? అది చూసేది మేఘాన్ని కాదు, అందులోని వాన చినుకుల్ని. అప్పుడే పొంగుతున్న మేఘంలో గాలి జోరుగా పైకి పోతుంటుంది కానీ చినుకు ఇంకా కట్టి ఉండదు. పెద్ద సీబీ (ఉరుముల మేఘం, క్యుములోనింబస్) తలభాగంలో ఉండేదంతా మంచు పలుకులే, అదీ రాడార్‌కి సరిగ్గా ఆనదు. మన దక్షిణాదిన నీరు గడ్డకట్టే ఎత్తు దాదాపు పదహారు వేల అడుగులు. రాడార్ యాంటెన్నా వంపు (టిల్ట్) ఆ ప్రాంతాన్ని చూసేలా కిందికి పెట్టు, సీబీ అసలు రంగు అక్కడ తెలుస్తుంది. పగలైతే నీ కళ్లే పెద్ద రాడార్. తప్పుకోవాల్సి వస్తే ఇరవై మైళ్లకు తగ్గకుండా, వీలైనంత వరకు గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపుగా తప్పుకో. గొడుగులా పరుచుకున్న దాని తల కింద నుంచి దూరిపోదామని చూడకు, అక్కడ వడగళ్లు పడతాయి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరు చుట్టూ అందరూ ఒకేసారి దారి మార్చమని ఏటీసీని, అంటే నేల మీది ట్రాఫిక్ కంట్రోల్‌ని, అడుగుతుంటారు. నువ్వు నలభై మైళ్ల ముందే అడుగు.

మధ్యాహ్నం బెంగళూరు ఎయిర్‌పోర్టున్న దేవనహళ్లిలో దిగేటప్పుడు తగిలేవి వేరు. ఆకాశం నిర్మలంగా ఉన్నా స్పీడ్ బ్రేకర్ల మీద ఆటో పోయినట్టుంటుంది. ఎండకు బండరాళ్లు, దున్నిన చేలు తొందరగా వేడెక్కుతాయి, చెరువులు, తోటలు వేడెక్కవు. ఒకచోట గాలి పైకి లేస్తుంది, పక్కనే కిందికి దిగుతుంది. ఇవి అసౌకర్యమే కానీ ప్రమాదం కాదు. మా చెన్నైలో ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి వచ్చే వేళ ఇంకో రకం. పడమటి గాలిలో దిగడం మొదలుపెడితే కాసేపటికి తూర్పు గాలి ఎదురవుతుంది. గాలి దిక్కు మారే ఆ గీత దాటేటప్పుడు స్పీడు మీద కన్నేసి ఉంచు. నేల దగ్గర విండ్‌షియర్ (గాలి ఒక్కసారిగా మారిపోవడం) హెచ్చరిక వస్తే మాత్రం ఆలోచించేదేమీ లేదు, సిమ్యులేటర్‌లో నేర్పినట్టు ఫుల్ పవర్ ఇచ్చి పైకి వెళ్లిపోవడమే.

బెంగళూరుకి దుబాయ్ నుంచి ఎ380, ఆ రెండంతస్తుల పెద్ద విమానం, వస్తుంది. దాని రెక్కల కొసల నుంచి సుడిగాలులు లేచి వెనకే మెల్లగా కిందికి దిగుతాయి. దాని వెనక దిగాల్సి వస్తే ఏటీసీ చెప్పిన దూరం ఒక్క మైలు కూడా తగ్గనివ్వకు, గ్లైడ్ పాత్ (రన్‌వేకి దిగే వాలు దారి) కిందికి జారకు.

ఏ మేఘమూ లేకుండా తగిలే కుదుపు చలికాలంలో ఢిల్లీ వైపు వెళ్తే తెలుస్తుంది. పైన జెట్ స్ట్రీమ్, అంటే చాలా జోరైన గాలి, నదిలా పారుతుంటుంది, దాని గట్ల దగ్గరే అలజడి. రాడార్‌కి దొరకదు. బయటి ఉష్ణోగ్రత, గాలి వేగం చకచకా మారుతుంటే అదే గుర్తు. ముందు వెళ్లిన విమానం వాళ్లని అడుగు, నీకు తగిలితే వెనక వాళ్లకి చెప్పు. మన దక్షిణాది మీద వానాకాలంలో వీచే తూర్పు జెట్ గురించి 1958లో లోకానికి చెప్పింది మన తెలుగాయన పంచేటి కోటేశ్వరం గారే. దాని అసలు జోరు మనం ఎగిరే ఎత్తుకు పైన ఉంటుంది.

కుదుపులోకి వెళ్లాక చేయాల్సింది తక్కువ. గట్టిగా ఉంటే స్పీడు తగ్గించు. 320కి ఇరవై వేల అడుగుల లోపు 250 నాట్లు, పైన 275, ఇంకా పైకి వెళ్తే మాక్ 0.76, అంటే ధ్వని వేగంలో 76 శాతం. ఆటోపైలట్‌ని ఉండనివ్వు. ఎత్తు నూరు అడుగులు అటూ ఇటూ అయితే దాని వెంట పడి స్టిక్ లాగకు. చేతులు తొందరపడితేనే కష్టం.

కుదుపు రాకముందు చేయాల్సిందే ఎక్కువ. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానానికి మయన్మార్ మీద జరిగింది నువ్వు చదివే ఉంటావు. బెల్ట్ సైన్ వేశామని పైలట్ అన్న ఎనిమిది సెకన్లకే మనుషులు పైకప్పుకి తగిలారు. విమానం దిగింది 178 అడుగులే. ఎనిమిది సెకన్లలో టాయిలెట్‌లో ఉన్న ముసలాయన సీట్లోకి రాగలడా? ఒళ్లో పాపని పెట్టుకున్న తల్లి చిన్న బెల్ట్ తగిలించగలదా? వేడి టీ ఫ్లాస్కు పట్టుకున్న క్రూ కూర్చోగలరా?

కాబట్టి దిగడం మొదలుపెట్టేముందు సీనియర్ క్రూకి ఇంటర్‌కామ్‌లో చెప్పు. "కుదుపులుండొచ్చు" అంటే వాళ్లకేం తెలుస్తుంది? "పది నిమిషాల్లో మొదలై పావుగంట ఉంటుంది, వేడి పానీయాలు ఆపండి, మీరూ కూర్చోండి" అని చెప్పు. ప్రయాణికులకి కూడా ఎంతసేపుంటుందో చెప్పు. "ఎయిర్ పాకెట్" అనకు, విమానం గోతిలో పడుతుందనుకుని జనం హడలిపోతారు. అలాగని టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా సైన్ వేసి ఉంచేసినా ప్రయోజనం లేదు, గంట దాటాక ఎవరూ పట్టించుకోరు. గాలి నెమ్మదించగానే తీసెయ్యి, అప్పుడు మళ్లీ వేసినప్పుడు నమ్ముతారు.

నువ్వు కొత్తదానివి, పక్కన కెప్టెన్ ఉంటారు, చెప్పడానికి మొహమాటం ఉంటుంది. మేఘం నీకు ముందు కనిపిస్తే "సర్, సైన్ వేద్దామా?" అని వెంటనే అడుగు. ఆ రోజు నా పక్కనున్న కుర్రాడూ ఆ మేఘాన్ని చూశాడు. దిగాక చెప్పాడు.

నా పాత నోటుబుక్కులు రెండు మీ అమ్మతో పంపుతున్నాను. ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఎత్తులో, మేఘం ఎలా ఉంది అని ప్రతి గట్టి కుదుపూ రాసుకున్నాను. రెండో దాంట్లో గూడూరు, శ్రీహరికోట దగ్గరి అక్టోబర్, నవంబర్ పేజీలు ముందు చూడు. చివర ఇరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి, నీవి అక్కడ మొదలుపెట్టు.

నీ మామయ్య