పీహెచ్‌డీలో చేరబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

పీహెచ్‌డీకి దరఖాస్తు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేక కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఒక పాత భయం పట్టుకుంది. అదేమిటో చెబుతాను కానీ, ముందు మామూలు సంగతులు.

ఉద్యోగం మానుకునే పరిస్థితి నీకు లేదు కనుక పార్ట్‌టైమే చెయ్యి. విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయి. ఆన్‌లైన్ పీహెచ్‌డీ, దూరవిద్య పీహెచ్‌డీ అని ఎవరైనా ప్రకటన చూపిస్తే నమ్మకు. ఆ పద్ధతుల్లో పీహెచ్‌డీకి అనుమతి లేదు. కోర్స్ వర్క్‌లో, అంటే పీహెచ్‌డీలో భాగంగా చదవాల్సిన పాఠాల్లో, 55 శాతం రావాలి. నీకది పెద్ద పని కాదు.

నువ్వు పాఠాలు చెప్పే కాలేజీ ఇచ్చే నిరభ్యంతర పత్రం విషయంలో మొహమాటపడకు. పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఉందని, నీ విధుల మధ్య పరిశోధనకు తగినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్ వర్క్ పూర్తిచేయడానికి రిలీవ్ చేస్తామని, మూడు మాటలూ అందులో ఉండాలి. ప్రిన్సిపాల్‌గారు నోటితో సరేనంటే దండం పెట్టి, కాగితం మీద ఇవ్వమను.

ఇక గైడ్ సంగతి. "ఆయన పుస్తకాలు చదువుతూ పెరిగాను, చేస్తే ఆయన దగ్గరే చేస్తాను" అన్నావట. సరిగ్గా ఈ మాటే ఒకప్పుడు మీ నాన్న అన్నాడు.

పరిశోధన ఎందుకు ఆగిందని అడిగితే వాడు "ఉద్యోగం వచ్చింది" అంటాడు. అది సగమే నిజం. వాడి గైడ్ గొప్ప పండితుడు. ఎప్పుడు రిటైరవుతారో కనుక్కోరా అంటే, పెద్దాయనను అలా అడుగుతారా అని నా మీద విరుచుకుపడ్డాడు. రెండు అధ్యాయాలు పూర్తయ్యేసరికి ఆయన పదవీ విరమణ చేశారు. వీణ్ని మరొకరికి అప్పగించారు. కొత్తాయన మంచివారే కానీ ఆయన రంగం వేరు. అంశాన్ని కొద్దిగా మార్చమన్నారు. అదేదో తలకొట్టేసినట్టయింది మీ నాన్నకు. పాత గురువు ఇంటికి వెళ్లి గంటలు గంటలు కూర్చునేవాడు కానీ కొత్త గైడ్ గది వైపు తొంగి చూసేవాడు కాదు. పొడిగింపు అడుగుతూ ఒక్క దరఖాస్తు పెడితే సరిపోయేది. అదీ పెట్టలేదు. రిజిస్ట్రేషన్ రద్దయిందని ఉత్తరం వచ్చిన రోజున దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, భోజనానికి కూర్చున్నాడు. మొండివాడు. ఆ రెండు అధ్యాయాలూ నేను చదివాను, చాలా బాగా రాశాడు.

ఇప్పుడు మూడేళ్ల కంటే తక్కువ సర్వీసు మిగిలిన గైడ్‌లు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. విరమణ తర్వాత 70 ఏళ్లు నిండేవరకు కో-గైడ్‌గానే ఉండగలరు. బాగానే ఉంది కానీ, లెక్క చూడు. మూడేళ్లనేది పీహెచ్‌డీకి కనీస గడువు. పాఠాలు చెప్పుకుంటూ చేసేదానివి, నీకు ఐదారేళ్లు పట్టవచ్చు. మూడున్నరేళ్ల సర్వీసు మిగిలిన గైడ్ నిబంధనకు సరిపోతారు, నీకు సరిపోరు. "సార్, మీ సర్వీసు ఎప్పటివరకు ఉంది?" అని అడుగు. అడిగినందుకు చిన్నబుచ్చుకునే మనిషైతే అసలే వద్దు. ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి నలుగురికి మించి ఉండకూడదు, ప్రొఫెసర్ దగ్గరైతే ఎనిమిది మంది వరకు ఉండవచ్చు. పేరు చిన్నదైనా, నీ చిత్తుప్రతి చదివే తీరిక ఉన్నవారే నాకు ముద్దు.

గడువు ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు ఇస్తారు. మొత్తం పదేళ్లు దాటకూడదు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవుంది. పెళ్లయి ఊరు మారినా, నీ పని సంస్థకో గైడ్‌కో మంజూరైన ప్రాజెక్టులో భాగం కాకపోతే, దాన్ని అక్కడి విశ్వవిద్యాలయానికి తీసుకుపోవచ్చు. అందుకని "పెళ్లయ్యాక చూద్దాం" అని మీ అమ్మ అంటే నాతో మాట్లాడమను.

ప్రతి సెమిస్టరూ నీ పరిశోధనను గమనించే సలహా సంఘం ముందు నీ పని ఎంతవరకు వచ్చిందో చూపాలి. పని జరిగినప్పుడు ఎవరైనా వెళ్తారు. జరగనప్పుడు కూడా వెళ్లు తల్లీ. తిడితే తిట్టించుకుని రా.

దరఖాస్తు పంపేముందు ఆ నిరభ్యంతర పత్రం ఫొటో తీసి నాకు పంపు. ఈ ఉత్తరం మీ నాన్న కంటపడితే, ఇందులో అబద్ధమేదైనా ఉందేమో వాడినే అడుగు.

నీ అత్తయ్య