వైస్రాయ్ సొంత ఉత్తరాలను నమ్మొచ్చా?

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నానండి. 1885 పంజ్‌దే (ఆఫ్ఘన్-రష్యా సరిహద్దు ప్రాంతం) సంక్షోభం గురించి ఎక్కడ చూసినా వైస్రాయ్ ప్రైవేటు ఉత్తరాల మాటే వస్తోంది. సర్కారీ కాగితాలుండగా ఇవెందుకు?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. లండన్‌కి వెళ్లే అధికారిక లేఖ, అక్కడ మంత్రికి సలహాలిచ్చే ఇండియా కౌన్సిల్ సభ్యుల కళ్ల పడేది, రేపు పార్లమెంటు కోసం అచ్చయ్యే అవకాశమూ ఉండేది కాబట్టి అందులో ప్రతి మాటా ఆచితూచి రాసేవాళ్లు. అందుకే వైస్రాయ్ డఫరిన్, లండన్‌లో ఇండియా వ్యవహారాలు చూసే మంత్రి కింబర్లీ విడిగా సొంత ఉత్తరాలు రాసుకున్నారు. మన ఊళ్లో పంచాయితీలో ఒక మాట, కాలవ గట్టు మీద ఇంకో మాట ఉంటాయే, అలాగన్నమాట.

మార్చి 30న రష్యా జనరల్ కొమరోవ్ పంజ్‌దేలో ఆఫ్ఘన్ సేన మీద పడ్డాడు, వందలమంది చచ్చిపోయారు. ఆ వార్త వచ్చేసరికి ఆఫ్ఘన్ పాలకుడు అమీర్ అబ్దుర్ రహమాన్ రావల్పిండిలో డఫరిన్ దగ్గరే ఉన్నాడు! లండన్‌లో బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ రష్యాతో యుద్ధం వస్తే అయ్యే ఖర్చులకి పార్లమెంటుని డబ్బు అడుగుతుంటే, ఇక్కడ అమీర్ మాత్రం పంజ్‌దే కోసం తన దేశాన్ని రణరంగం చేసుకోదలచుకోలేదు. చివరికి 1887లో సరిహద్దు తేలింది, పంజ్‌దే రష్యాకి పోయింది.

అలాగని ఉత్తరంలో ఉన్నదంతా నిజమనుకోకు. వైస్రాయ్‌లు వాటిని అచ్చు వేయించి దాచుకునేవాళ్లు, అంటే రేపు ఎవరో చదువుతారని తెలిసే రాశారు. పైగా టెలిగ్రాం త్వరగా చేరేది, ఓడలో ఉత్తరానికి వారాలు పట్టేది. కాబట్టి ఏది చదివినా ముందు తేదీ చూడు, అదే రోజుల్లో వెళ్లిన టెలిగ్రాం, అధికారిక లేఖ పక్కన పెట్టుకుని చదువు.