ఎన్నికల ముందు సిప్ ఆపాలా? – సమాధానం

ఫలితాలొచ్చేదాకా సిప్ (నెలనెలా ఫండ్‌లో కట్టే వాయిదా) ఆపేసి, ఈక్విటీ ఫండ్‌లో (షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) ఉన్న 8 లక్షలూ తీసేద్దామా అని అడిగారు. వచ్చే ఏడాది మధురవాడ ఫ్లాట్‌కి 5 లక్షలు కట్టాలనీ రాశారు. అసలు సంగతి ఆ రెండో ముక్కలోనే ఉందండీ.

ఎవరు గెలిచినా ఆ 5 లక్షలు ఈక్విటీలో ఉండకూడదు. లిక్విడ్ ఫండ్‌కో (తక్కువ కాలపు అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్) ఎఫ్‌డీకో మార్చండి. తీసేటప్పుడు ముందు కొన్న యూనిట్లే (ఫండ్‌లో మీ వాటాలు) ముందు పోతాయి, ప్రతి వాయిదాకీ ఏడాది లెక్క విడిగా ఉంటుంది. ఏడాది దాటినవాటిపై ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. దాటకపోతే 20 శాతం, పైగా చాలా ఫండ్లలో 1 శాతం ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు ఫండ్ కోసుకునే రుసుము). లాభం ఎక్కువుంటే సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో తీయండి, రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపూ దక్కుతుంది.

మిగతా 3 లక్షలూ, సిప్పూ కదపొద్దు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 3 శాతం పైగా ఎగిరింది, ఫలితాల రోజు 4న దాదాపు 6 శాతం పడింది, 7కల్లా ముగింపులో కొత్త గరిష్ఠం! 4న భయపడి మధ్యాహ్నం 3లోపు అమ్మినవాళ్లకి దక్కింది ఆ పడిన రోజు ఎన్ఏవీయే (యూనిట్ ధర). రాజధాని మాట వినగానే స్థలాలు కొనే మన వైజాగ్ అలవాటు ఫండ్లకి పనికిరాదు.

ఫ్లాట్ ఈఎంఐ మొదలయ్యాక నెల గడవకపోతే, అప్పుడు సిప్ తగ్గించుకోండి.