మదనపల్లె చుట్టూ సైకిలు మీద: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లం. నాకు 44 ఏళ్లు, మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏడాదిగా ఇద్దరం ఆదివారాలు నలభై, యాభై కిలోమీటర్లు సైకిలు తొక్కుతున్నాం. జనవరిలో మూడు రోజులు సెలవు దొరికింది. ఒక్క రోజులో బెంగళూరు నుంచి హార్స్‌లీ హిల్స్ మీదికి చేరాలని మావాడు పట్టుబడుతున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. నా సైకిలుకు ముందున్న చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక అన్నిటికంటే పెద్ద చక్రానికి 28 పళ్లు ఉన్నాయి. దీనితో ఆ కొండ ఎక్కగలనా? చుట్టుపక్కల చూడదగిన దారులు ఏవి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ అబ్బాయి ఉత్సాహం మంచిదే గాని, అతను వేసుకున్న లెక్క సరైనది కాదు. హోస్కోటె, చింతామణి మీదుగా మదనపల్లె చేరడానికే సుమారు 120 కిలోమీటర్లు. యాభై కిలోమీటర్లకు అలవాటుపడిన కాళ్లు అంత దూరం తొక్కి, ఆ తరువాత మధ్యాహ్నపు ఎండలో ఘాట్ రోడ్డు మొదలుపెడితే, కొండ ఎక్కినా ఎక్కకపోయినా మీకు గుర్తుండేది మోకాళ్ల నొప్పి ఒక్కటే. సైకిళ్లను బస్సులోనో కారులోనో మదనపల్లె దాకా తీసుకువెళ్లి, ఆ ఊరిని మజిలీగా పెట్టుకోమని నా సలహా. ఊరే దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పొడిగా, తేలికగా ఉండే ఆ గాలి క్షయ రోగులకు మేలు చేస్తుందని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఊరి పక్కన ఆరోగ్యవరం శానటోరియం పెట్టారు. జనవరిలో తొక్కేవారికి ఆ గాలి విలువ మొదటి గంటలోనే తెలిసివస్తుంది.

మొదటి రోజు పెద్ద సాహసం పెట్టుకోకండి. ఉదయం బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ దగ్గర ఒకసారి ఆగండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేసినప్పుడే జనగణమనను తన చేతితో ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పాటకు స్వరాలను రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఆనాటి ప్రిన్సిపాల్ సతీమణి. అక్కడి నుంచి అంగళ్లు, కురబలకోట మీదుగా రిషి వ్యాలీ వైపు సాగండి. రానూ పోనూ కలిపి ముప్పై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పెద్ద రోడ్డు వదిలిన తరువాత దారి మిట్టా పల్లమూగా సాగుతుంది. ఇరువైపులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న నల్లరాతి గుండ్లు, వాటి మధ్య చింతచెట్లు, కానుగచెట్లు, టమోటా తోటలు కనిపిస్తాయి. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తన పాఠశాలకు ఎంచుకున్న లోయ ఇదే. అది పిల్లలు చదువుకునే చోటు కాబట్టి, ముందుగా అనుమతి తీసుకోకుండా లోపలికి వెళ్లాలని చూడడం మర్యాద కాదు. లోయ అందం చూడడానికి బయటి రోడ్డు చాలు.

రెండో రోజు హార్స్‌లీ హిల్స్. మదనపల్లె నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. చివరి తొమ్మిది కిలోమీటర్లు మాత్రమే అసలైన ఘాట్ రోడ్డు. శిఖరం దాదాపు 1,265 మీటర్ల ఎత్తున ఉంది కనుక, ఆ కొద్ది దూరంలోనే మీరు అయిదు వందల మీటర్లు పైకి వెళ్లాలి. ఇక్కడే మీ పళ్లచక్రాల ప్రశ్న వస్తుంది. అలాంటి ఎత్తులో మన వంటివారి వేగం గంటకు ఆరు కిలోమీటర్లు, అంటే నిమిషానికి వంద మీటర్లు. ముందు 34, వెనక 28 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి సైకిలు రెండున్నర మీటర్లు కదులుతుంది. అంటే నిమిషానికి ముప్పై తొమ్మిది చుట్లే తొక్కుతారు. ప్రతి చుట్టుకూ ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది, అదీ గంటన్నర సేపు. వెనక చక్రాన్ని 34 పళ్లదిగా మార్పిస్తే అదే వేగానికి నలభై ఎనిమిది చుట్లు వస్తాయి. కాగితం మీద చిన్న తేడాగా కనిపించినా, ఏడో కిలోమీటరు దగ్గర దిగి నడవాలా, తొక్కుతూ పోవాలా అన్నది తేల్చేది ఆ తేడాయే. అయితే, మీ సైకిలు వెనక గేరు అంత పెద్ద చక్రాన్ని పట్టగలదో లేదో మెకానిక్‌కు చూపించి తెలుసుకోండి. చైను పొడవు కూడా పెంచవలసి రావచ్చు. ఈ ఖర్చు మాత్రం పెట్టుకోండి. వెలుగు రాగానే బయలుదేరి తొమ్మిది గంటలలోపు ఘాట్ మొదటికి చేరండి. అబ్బాయిని తన వేగంతో ముందుకు పోనివ్వండి. పక్కపక్కన తొక్కాలని చూస్తే ఇద్దరూ అలసిపోతారు.

దొర పేరు రాకముందు ఈ కొండను ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. ఏనుగుల పెంపకంలో పెరిగిన మల్లమ్మ అనే పిల్ల కొండమీది చెంచులకు మందులిచ్చి కాపాడి, ఒకనాడు కనిపించకుండా పోయిందని అక్కడివాళ్ల కథ. ఆమె గుడి పైన ఉంది. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ ఎండాకాలం విడిదికి ఈ చోటు ఎంచుకోవడంతో పేరు మారింది. నాకు పాత పేరే ఇష్టం. పైన పర్యాటక శాఖ వసతి ఉంది. గది ముందే పెట్టుకుని ఆ రాత్రి అక్కడే ఉండండి. సాయంత్రం గాలిబండ మీద కూర్చుంటే చెమటతో తడిసిన చొక్కా పావుగంటలో ఆరిపోతుంది. కాబట్టి ఒక ఉన్ని చొక్కా సంచిలో ఉండాలి. పొద్దున్నే రాళ్ల మధ్య పొదలను గమనిస్తే పసుపు గొంతు పిగిలిపిట్ట కనిపించవచ్చు. దక్షిణాది రాతి కొండలలో తప్ప మరెక్కడా ఉండని పిట్ట అది.

మూడో రోజు కొండ దిగి, మదనపల్లెలో భోజనం చేసి, ఇంటికి తిరిగిరండి. నాలుగో రోజు కూడా వీలైతే వాల్మీకిపురం మీదుగా గుర్రంకొండ వెళ్లిరండి. దూరం డెబ్భై అయిదు కిలోమీటర్ల లెక్కన పెట్టుకోండి. హైదరాలీ, టిప్పు ఏలిన కోట అది. 1791లో నిజాం, ఇంగ్లీషు సేనలు ముట్టడించినదీ అదే. కింద రంగిన్ మహల్, వెనక నిటారుగా లేచిన బండ కనబడగానే, ఆ చోట కోట ఎందుకు కట్టారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ప్రశ్న: ఎక్కడం కంటే దిగడమే నాకు భయం. నా సైకిలుకు డిస్కు బ్రేకులు లేవు, రిమ్మును పట్టే రబ్బరు బ్రేకులే ఉన్నాయి. ఘాట్ రోడ్డు దిగవచ్చా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: దిగవచ్చు. మీ భయం కూడా సరైనదే. ఎక్కేటప్పుడు తప్పు చేస్తే ఆగిపోతాం, దిగేటప్పుడు తప్పు చేస్తే పడిపోతాం. చాలామంది చేసే పొరపాటు, భయంతో బ్రేకును కొద్దికొద్దిగా నొక్కి పట్టుకునే కొండంతా దిగడం. దానివల్ల రాపిడి ఎడతెగకుండా సాగి, రిమ్ము చల్లారే వ్యవధి దొరకదు. ఆ వేడికి ట్యూబులో గాలి వ్యాకోచిస్తుంది. ఒక్కొక్కసారి ట్యూబు పేలుతుంది కూడా. నేను తొలిసారి ఈ కొండ దిగినప్పుడు సరిగ్గా అదే పని చేశాను. సగం దారిలో ఆగి ముందు చక్రం రిమ్మును వేలితో తాకితే, పొయ్యి మీది నుంచి అప్పుడే దించిన గిన్నె అంచును పట్టుకున్నట్టు చురుక్కుమంది. బ్రేకు రబ్బరు మీది గాళ్లు అప్పటికే అరిగి చదునైపోయాయి. బయలుదేరే ముందు వాటిని చూసుకోకపోవడం పూర్తిగా నా తప్పు.

మలుపుకు ముందు, సైకిలు నిటారుగా ఉండగానే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించి, తరువాత పూర్తిగా వదిలేయండి. మలుపులో బ్రేకు వేయకండి. రెండు కిలోమీటర్లకు ఒకసారి ఆగి రిమ్ములు చల్లారనివ్వండి. చలికాలంలో తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు రోడ్డు మీద రాలిన ఆకులు తడిసి జారుతుంటాయి. ఎండ రోడ్డు మీద పడిన తరువాతే దిగడం మొదలుపెట్టండి. కింద పెద్ద రోడ్డు ఎక్కాక ఇంకొక జాగ్రత్త అవసరం. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. కాయల పెట్టెలతో వచ్చే బండ్లు ఆ దారుల మీద వేళాపాళా లేకుండా తిరుగుతాయి. జారిపడిన కాయలు చక్రాల కింద నలిగి, మలుపుల దగ్గర ఎర్రటి బురదగా పరుచుకుంటాయి. సన్న టైర్లకు అది నూనెతో సమానం.

ప్రశ్న: నాకు గేర్లు లేని మామూలు సైకిలే ఉంది. తిరుపతి నుంచి రైలులో వస్తాను. నాకు తగిన దారి ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉంది. మీరు దిగవలసిన మదనపల్లె రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, సి.టి.ఎం. అనే పల్లె దగ్గర, మదనపల్లెకు పది కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. సైకిలు వెంట ఉన్నవారికి అది ఇబ్బంది కాదు, మొదటి సవారీ అనుకోండి. రిషి వ్యాలీ దారి మీ సైకిలుకు అనువైనది. మిట్టలు ఉన్నా పొట్టివే, ఒకటి రెండు చోట్ల దిగి నడిచినా సరిపోతుంది. హార్స్‌లీ ఘాట్ మాత్రం గేర్లు లేకుండా వద్దు. సైకిలును కొండ కింద ఏదైనా దుకాణం దగ్గర అడిగి తాళం వేసి ఉంచి, పైకి జీపులోనో ఆటోలోనో వెళ్లిరండి. రైలులో సైకిలును పార్సిలుగా పంపేటప్పుడు పెడళ్లు విప్పి, హ్యాండిల్‌ను ఫ్రేముకు సమాంతరంగా తిప్పి కట్టండి. ఆ పనికి కావలసిన పానా మాత్రం పార్సిలులో పెట్టకుండా మీ చేతిసంచిలో ఉంచుకోండి.