బండి పైకప్పు సంగతి

చిన్నోడా,

నీ పాత హైఏస్ క్యాంపర్ వ్యాను మీద పైకి లేచే కప్పు సగంలో ఆగిపోతోందనీ, నెత్తితో ఆపుకుని పరుపు సర్దుతున్నాననీ నవ్వుతూ చెప్పావు. ఆ పని ఇక చెయ్యకు. ముందు కప్పు పూర్తిగా లేచినప్పటి ఎత్తుకు రెండు కర్రలు కోయించు. వాటిని పోటు పెట్టాకే స్క్రూడ్రైవర్ పట్టు. కప్పును ఎత్తి నిలబెట్టే రెండు స్ట్రట్లలో ఒకటి ఊడదీసిన క్షణంలో బరువంతా రెండోదాని మీద పడుతుంది, అదీ ముసలిదే కదా.

స్ట్రట్టంటే కొత్తదేం కాదు, కారు డిక్కీని నిలబెట్టేదే. లోపల నైట్రోజన్ కూరి ఉంటుంది, ఏళ్ల తరబడి సీలు పక్కనుంచి జారిపోతుంది. చలికి ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. అందుకే మీ మెల్‌బోర్న్‌లో జూలై చలికాలపు పొద్దున మొరాయిస్తుంది, మధ్యాహ్నం బుద్ధిగా లేస్తుంది. కప్పు మూసి ఉన్నప్పుడు స్ట్రట్టు దాదాపు పడుకుని ఉంటుంది కనక మొదటి జానెడు చేత్తో తొయ్యాల్సిందే, అది జబ్బు కాదు. కడ్డీ మీద నూనె జిడ్డు కనిపిస్తే మాత్రం దాని పనైపోయినట్టే. బెజ్జం వెయ్యడం, కాల్చడం లాంటి ప్రయోగాలు వద్దు, పేలుతుంది. రెండూ ఒకేసారి మార్చు. కప్పు మూసినప్పుడు సన్న కడ్డీ కిందికి ఉండేలా బిగిస్తే లోపలి నూనె సీలును తడుపుతూ ఉంటుంది.

గొట్టం మీద స్ట్రట్టు బలం న్యూటన్లలో వేసి ఉంటుంది, అదే తెచ్చుకో. నేను అక్కడే బోల్తా పడ్డాను. పైన సోలార్ ప్యానెల్ పెట్టించాం కదా అని లెక్కా పత్రం లేకుండా బాగా బలమైనవి వేశాను. లేవడం బ్రహ్మాండంగా లేచింది. దించడానికే నేనూ మీ పిన్నీ చెరో పక్క వేలాడాం. ఆర్నెల్లకు బ్రాకెట్ దగ్గర ఫైబర్‌గ్లాస్ చిట్లింది. నీ కప్పుకూ బరువు పెరిగి ఉంటే, స్ట్రట్లు తీసేసి, కప్పు లేచే అంచు కింద ఒళ్లు తూచుకునే మిషన్ మీద కర్ర నిలబెట్టి చూడు. వచ్చిన అంకెలోంచి కర్ర బరువు తీసేసి, బ్రాకెట్ల కొలతలతో పాటు కొట్టువాడికి చెప్పు.

స్ట్రట్లు లేనప్పుడే ఇంకొకరి సాయంతో కప్పు ఎత్తి దించి చూడు. అప్పుడూ పట్టేస్తే దోషం బందులది. సముద్రపు ఉప్పుగాలికి అల్యూమినియంలో స్టీలు స్క్రూలు తెల్లపొడి కట్టి బిగుసుకుపోతాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్యి, పొద్దున విప్పు. తొందరపడితే తల తెగి చేతికొస్తుంది.

శనివారం వీడియో కాల్ చెయ్యి, కర్రలు నిలబెట్టాకే.

మీ బాబాయ్