డోర్ నంబరు లేని షెడ్డులో ఉన్నవారికి టీకా వేయరా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె. మా ఆయనది రాడ్ బెండింగ్ పని. ఏడాదిగా విజయవాడలో, కడుతున్న అపార్ట్‌మెంటు పక్కన రేకుల షెడ్డులో ఉంటున్నాము. నాకు అయిదో నెల. ఏడాదిన్నర పాపకు టీకా వేయించబోతే, ‘మీ పేరు మా సర్వేలో లేదు, మీ ఊళ్లో వేయించుకోండి’ అన్నారు. కూలి పోగొట్టుకుని ఊరికి వెళ్లక తప్పదా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: వెళ్లనవసరం లేదు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాలకు సొంత ఊరితో గానీ, ఆధార్‌లోని చిరునామాతో గానీ సంబంధం లేదు. బిడ్డ ఎక్కడుంటే అక్కడే వేయాలి. చిక్కంతా జాబితాతోనే వచ్చింది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకుంటారు గనుక, ఈ ఏడు ఒక వీధిలో, వచ్చే ఏడు మరో వీధిలో లేచే రేకుల షెడ్డు ఆ పుస్తకంలోకి ఎక్కడం అరుదు. నిర్మాణ స్థలాల్లో, ఇటుక బట్టీల దగ్గర ఉండే పిల్లలను ప్రత్యేకంగా వెతికి టీకాలు వేయాలన్న నిబంధన ఉంది కాబట్టి, మీరు మొహమాటపడవలసిన పని లేదు. టీకాలు వేసే రోజున, మన రాష్ట్రంలో సాధారణంగా బుధ, శనివారాల్లో, వెళ్లి పేరు రాసుకోమని టీకాలు వేసే నర్సును (ఏఎన్ఎం) అడగండి. కాదంటే అక్కడి వైద్యాధికారిని కలవండి.

పాపకు ఇప్పుడు వేయవలసినవి డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసేది), పోలియో బూస్టర్లు, తట్టు-రుబెల్లా రెండో డోసు. వీటి గడువు 16 నుంచి 24 నెలలు, కాబట్టి ఆలస్యమేమీ కాలేదు. తల్లీబిడ్డల కార్డు మాత్రం దగ్గర ఉంచుకోండి. చాలామందికి అది ఊళ్లో అత్తగారి ట్రంకు పెట్టెలోనే ఉండిపోతుంది. అలాగైతే ప్రతి పేజీకీ ఫొటో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకోండి. మడతల దగ్గర చిరిగినా తేదీలు కనబడితే చాలు. అది మీకూ అక్కరకు వస్తుంది. తొలి కాన్పప్పుడు ధనుర్వాతం రాకుండా రెండు టీడీ సూదులు వేయించుకుని, మూడేళ్లలోపు మళ్లీ గర్భం దాలిస్తే ఈసారి ఒక్క బూస్టరు సరిపోతుంది. కార్డు చూపకపోతే ఆ సంగతి ఇక్కడి నర్సుకెలా తెలుస్తుంది? ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు వైద్యుల పరీక్ష ఉచితం. కాన్పుకు పుట్టింటికి వెళ్లదలిస్తే, ఇక్కడి పరీక్షల వివరాలు కూడా కార్డులో రాయించుకుని వెళ్లండి.

ఇంకొక మాట. తట్టు-రుబెల్లా టీకా సీసాలో ఒకటికి మించి డోసులుంటాయి. మందు కలిపాక నాలుగు గంటల్లో వాడకపోతే పారవేయాలి. ఒక్క బిడ్డ కోసమైనా సీసా విప్పవలసిందే గానీ, కొన్నిచోట్ల సిబ్బంది వెనుకాడతారు. పక్క షెడ్లలో ఆ వయసు పిల్లలుంటే వారి తల్లులను కూడా అదే రోజున వెంటబెట్టుకుని వెళ్లండి.